లవ్లీ రైటర్: రాసేవాడి కష్టాలు, చూసేవాళ్ళ ఇష్టాలు

థాయ్‌లాండ్ సీరియళ్ళలో ఇంజనీరింగ్ కుర్రాళ్ళకున్న గ్లామర్ చూస్తే, మనం ఆ నాలుగేళ్ళూ ఏ కాలేజీలో ఉన్నామా అని అనుమానమొస్తుంది. మనకి తెలిసిన ఇంజనీరింగ్ అంటే రాత్రంతా కూర్చుని ల్యాబ్ రికార్డులు కాపీ కొట్టడం, వైవాలో నీళ్ళు నమలడం, బ్యాక్‌లాగులు లెక్కపెట్టుకోవడం. అక్కడ మాత్రం ఇంజనీరింగ్ అబ్బాయి నడిచొస్తుంటే వెనకాల పాట వస్తుంది.

ఇద్దరబ్బాయిల మధ్య ప్రేమకథలని బాయ్స్ లవ్ అనీ, పొట్టిగా బీఎల్ అనీ అంటారు. థాయ్ వాళ్ళు 'వై' అంటారు. వై నవల, వై సీరీస్. 2016లో వచ్చిన 'సోటస్' ఇంజనీరింగ్ కాలేజీలో సీనియర్ల ర్యాగింగ్ చుట్టూ తిరిగే కథ. అది బాగా ఆడింది. ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ ఈ కథలకి అచ్చొచ్చిన సెట్ అయిపోయింది, ఒకప్పుడు మన సినిమాలకి రాయలసీమలాగా.

2021లో వచ్చిన 'లవ్లీ రైటర్' ఈ మూసని చూసి నవ్వుతూ మొదలవుతుంది. ఇందులో హీరో నవలా రచయిత. అతను రాసి హిట్ కొట్టిన వై నవల పేరు 'బ్యాడ్ ఇంజనీర్'. ఈ పేరు వినగానే నేను పన్నెండు ఎపిసోడ్లూ చూద్దామని నిర్ణయించేసుకున్నాను. ఇంతవరకూ రెండుసార్లు చూశాను. రెండోసారి చూసినప్పుడు నచ్చినవి ఇంకా నచ్చాయి, నచ్చనివి ఇంకా గుచ్చుకున్నాయి. రెండూ రాస్తాను. కథ కొంత బయటపడుతుంది కాబట్టి, చూడాలనుకునేవాళ్ళు చూశాకే చదవండి.

జీన్‌కి ఇష్టమైనవి హారర్ నవలలు. అవి అమ్ముడుపోవు. ఎడిటర్ మాట మీద, ఇష్టం లేకపోయినా ఒక వై నవల రాస్తాడు. అది విరగబడి అమ్ముడుపోతుంది, సీరీస్‌గా తీయడానికి హక్కులూ పోతాయి. అందులో హీరోగా ఎంపికైన కొత్త నటుడు నబ్‌సిబ్. అతని మేనేజరు జీన్‌కి స్నేహితుడే. "కొన్నాళ్ళు నీ ఫ్లాట్‌లో ఉండనివ్వరా" అని నబ్‌సిబ్‌ని తెచ్చి జీన్ ఇంట్లో దింపుతాడు. ఆ కుర్రాడు చిన్నప్పుడు పక్కింటి పిల్లాడేనని జీన్‌కి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. నబ్‌సిబ్ అంటే థాయ్‌లో 'పది లెక్కపెట్టు' అని అర్థం. సీరీస్ అసలు పేరు కూడా దాని మీదే: 'పది లెక్కపెట్టి ముద్దు పెడతా' అన్నట్టుగా ఉంటుంది. దీనికి మూలం వాన్‌క్లింగ్ అనే రచయిత నవల.

ముందు నచ్చినవి. మొదటిది, రాయడం ఇందులో ఒక ఉద్యోగం. సినిమాల్లో రచయిత అంటే కిటికీలోంచి వాన చూసి నిట్టూర్చేవాడు. జీన్ అలా కాదు. అతనికి గడువులుంటాయి, ఎడిటర్ ఫోన్లుంటాయి, రాయాల్సిన సీన్ల జాబితా ఉంటుంది. వై నవలలో పడకగది సన్నివేశాలుండి తీరాలి, వాటికోసమే కొనేవాళ్ళున్నారు. అవి రాయడం జీన్‌కి చేతకాదు. లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక వాక్యం రాసి, మొహం చిట్లించి, చెరిపేస్తుంటాడు. జీన్‌గా చేసిన అప్ పూంపట్ ఆ చిరాకునంతా కనుబొమల్లోనే చూపించాడు.

వారపత్రికల సీరియళ్ళ మీద పెరిగిన తెలుగువాళ్ళకి ఇదేం కొత్త కాదు. పాఠకుల ఉత్తరాలని బట్టి కథ నడక మారడం, బాగా నడుస్తున్న సీరియల్ని ఇంకొన్ని వారాలు లాగడం మనం చూసినవే. ఆడవాళ్ళ పేరుతో వచ్చే నవలలకి గిరాకీ ఎక్కువని మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసిన కాలం మనకొకటుంది. వై నవలలు కూడా ఎక్కువగా ఆడవాళ్ళు రాసేవి, ఆడవాళ్ళు చదివేవి. అందులోకి ఒక మగ రచయిత వచ్చి ఇబ్బంది పడుతుంటే, ఆ బెరుకు మనకి తెలిసిందే అనిపిస్తుంది. తేడా అల్లా ఒక్కటే. మన దగ్గర 'తులసిదళం' రోజుల్లో దెయ్యాలూ చేతబడులే బాగా అమ్ముడుపోయాయి. పాపం జీన్ తెలుగులో పుట్టి ఉంటే అతనికి హారర్ వదలాల్సిన పనే పడేది కాదు.

రెండోది, ఈ సీరీస్‌కి గుండెకాయలాంటిది. వై సీరీస్‌లో నటించే ఇద్దరబ్బాయిలు కెమెరా ముందు ప్రేమికులైతే చాలదు. కెమెరా ఆపాక కూడా అలాగే ఉండాలి. ఈవెంట్లలో చేతులు పట్టుకోవాలి, ఒకరి నోట్లో ఇంకొకరు ముద్ద పెట్టాలి, ఇంటర్వ్యూల్లో సిగ్గుపడాలి. ఇలాంటి జంటని థాయ్‌లో 'ఖూ జిన్' అంటారు, మనం ఊహించుకునే జంట అని. ప్రకటనలూ ఫ్యాన్‌మీట్లూ అన్నీ ఆ ఊహ మీదే నడుస్తాయి. నబ్‌సిబ్ తనతోపాటు నటించే కుర్రాడితో బయట జంటగా కనబడాలి. నిజంగా ప్రేమించిన జీన్‌తో మాత్రం కనబడకూడదు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమని చూసి మురిసిపోయే అభిమానులే, అతను నిజంగా ఒక మగవాణ్ణి ప్రేమించాడని తెలిసేసరికి మోసపోయామని మండిపడతారు.

ఇందులో పెద్ద విలనెవడూ లేడు. అభిమానులు డబ్బూ సమయమూ పెట్టి ఒక కలని కొనుక్కున్నారు. కంపెనీ ఆ కలని అమ్మింది. ఆ కలకి ముడిసరుకు రాసిచ్చింది స్వయానా జీన్. తను సరదాకి, డబ్బుకి రాసిన కథే చివరికి తన ప్రేమకి అడ్డమొచ్చి నిలబడుతుంది. ఈ ముడి చాలా బాగా పడింది. పైగా దర్శకుడు టీ బుండిట్ ఈ పరిశ్రమకి బయటివాడు కాదు. 2019లో బాగా ఆడిన 'థార్న్‌టైప్' అనే బీఎల్ సీరీస్ తీసింది ఇతనే. బయట నిలబడి రాళ్ళు వేయడం తేలిక. తను వండిన వంటలో ఉప్పెక్కువైందని తనే చెప్పడానికి కొంచెం దమ్ము కావాలి.

ఇక నచ్చనివి. ఇక్కడే నాకు ఈ సీరీస్ మీద కోపమొస్తుంది. పక్కవాళ్ళ మూసని ఎత్తిచూపిస్తూనే, అదే మూసలో హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంటుంది.

నబ్‌సిబ్ చేసేవన్నీ ఒకసారి వరసగా పెట్టి చూడండి. తనెవరో చెప్పకుండా జీన్ ఇంట్లో దిగుతాడు. అలా దిగడానికి ముందే ఏర్పాటు చేసుకుంటాడు. ప్రేమ సన్నివేశం రాయలేకపోతున్నానని జీన్ తల పట్టుకుంటే, నేను చేసి చూపిస్తానని మీదకొస్తాడు. జీన్ వద్దంటాడు. ఆ 'వద్దు'ని నేపథ్య సంగీతం 'కావాలి' అని అనువాదం చేసి మనకి వినిపిస్తుంది. ఇది మనకి బాగా పరిచయమున్న సంగీతమే. బస్టాపు నుంచి కాలేజీ గేటు దాకా అమ్మాయి వెంటపడి విసిగించే హీరోని ప్రేమికుడని ఒప్పించిన తెలుగు సినిమాలు ఎన్ని లేవు? అక్కడ అమ్మాయికి లేని దిక్కు ఇక్కడ జీన్‌కీ లేదు. ఇద్దరూ అబ్బాయిలే అయినంత మాత్రాన బలవంతం ముద్దుగా మారిపోదు కదా. 'బ్యాడ్ ఇంజనీర్'లో ఇలాంటి సన్నివేశం వస్తే వెక్కిరించే ఈ సీరీస్, తన కథలో అదే సన్నివేశాన్ని పూలు చల్లి చూపిస్తుంది.

ఇంకోటి, ఇద్దరిలో 'ఆడది' ఎవరు అనే గోల. థాయ్‌లో హీరోని 'ఫ్ర ఏక్' అంటారు, హీరోయిన్ని 'నాంగ్ ఏక్' అంటారు. ఆ 'ఏక్' మన 'ఏక' శబ్దమే. వై కథల్లో హీరోయిన్ స్థానంలో ఉండే అబ్బాయికి 'నాయ్ ఏక్' అని కొత్త మాట పుట్టించారు. అంటే మాట మారింది కానీ కుర్చీ మారలేదు. ఒకడు కాపాడాలి, ఇంకొకడు కాపాడబడాలి. ఒకడు పొడుగు, ఇంకొకడు పొట్టి. జీన్ నబ్‌సిబ్ కంటే వయసులో పెద్దవాడు, సంపాదించేవాడు, సొంత ఫ్లాట్ ఉన్నవాడు. అయినా కథ ముందుకెళ్ళేకొద్దీ అతన్ని తీసుకెళ్ళి అదే కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ విషయం మీద జీన్‌చేత ఒక్క మాట అనిపించినా బాగుండేది. ఆ పాత్రలని సృష్టించి పొట్టపోసుకునేవాడు అతనే కదా!

అన్నిటికంటే పెద్ద లోటు, రెండో సగంలో రచయిత జారిపోవడం. నబ్‌సిబ్ చుట్టూ గొడవ ముదిరాక కథంతా నటుడి భవిష్యత్తు గురించీ, ఇంట్లో పెద్దల అభ్యంతరాల గురించీ నడుస్తుంది. అవీ అవసరమే. కానీ మొదటి ఎపిసోడ్లలో మనల్ని పట్టుకున్న ప్రశ్న ఏమైంది? తను ఇష్టపడని కథలు రాసి బతుకుతున్న మనిషికి నిజమైన ప్రేమ ఎదురైతే అతని రాత ఎలా మారాలి? ఇంతకుముందు రాసిన అబద్ధాలని ఇప్పుడు ఏ మొహంతో చదువుకుంటాడు? ఇవి వదిలేసి, జీన్‌ని ప్రేమలో పడ్డ మామూలు కుర్రాడిగా మిగిల్చేశారు.

ఇది సాధ్యం కాని పనేం కాదు. 2018లో జపాన్ వాళ్ళు 'పోర్నోగ్రాఫర్' అని ఆరు ఎపిసోడ్ల చిన్న సీరీస్ తీశారు, బయట దేశాల్లో 'ద నావెలిస్ట్' అన్న పేరుతో తెలుసు. కిజిమా అనే శృంగార నవలా రచయితని ఒక విద్యార్థి సైకిల్‌తో గుద్దుతాడు, చెయ్యి విరుగుతుంది. నష్టపరిహారం కింద ఆ కుర్రాడు రోజూ వచ్చి, రచయిత చెబుతుంటే నవల రాసిపెట్టాలి. ఒకరు చెప్పడం, ఒకరు రాయడం. కథంతా దాదాపు ఆ గదిలోనే. వినేవాడి చెవులు ఎర్రబడటం, చెప్పేవాడు అది గమనించి గొంతు ఇంకా నెమ్మది చేయడం, అంతే. కిజిమా మంచివాడేం కాదు, అబద్ధాలకోరు. కానీ చివరిదాకా అతని కష్టం రాత కష్టమే, ప్రేమ కష్టం కూడా అందులోంచే పుడుతుంది. 'లవ్లీ రైటర్'కి పన్నెండు ఎపిసోడ్లుండీ ఇక్కడిదాకా రాలేకపోయింది.

ఈ రెండు సీరీస్‌లూ నా ఇంజనీరింగ్ స్నేహితుడొకడికి చెప్పి చూపించాను. వాడికి అబ్బాయిలే ఇష్టమని వాడు నాకు చెప్పి ఏడెనిమిదేళ్ళయింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. వాళ్ళమ్మగారు వారానికొక సంబంధం వాట్సాప్‌లో పంపిస్తూనే ఉంటారు. చూసి ఏమంటాడా అని ఆత్రంగా ఫోన్ చేస్తే, జపాన్‌ది గొప్పగా ఉంది కానీ మళ్ళీ చూడనన్నాడు. 'లవ్లీ రైటర్' మాత్రం మూడుసార్లు చూశాడట. నేను పైన రాసిన తప్పులన్నీ ఏకరువు పెట్టాను. అన్నీ ఒప్పుకున్నాడు.

"అవన్నీ నిజమేరా. కానీ నబ్‌సిబ్ నలుగురి ముందు నిలబడి దాచనంటాడు చూడు, అక్కడ ఆపుకుంటా ప్రతిసారీ. ఆ పైన వీళ్ళకి అద్దెకి ఇల్లు ఎవడిస్తాడు, వాళ్ళమ్మ పండక్కి ఇద్దర్నీ పిలుస్తుందా, అవేవీ చూపించరు. అవి నాకు తెలుసు, వాళ్ళు చెప్పక్కర్లేదు. నాకు తెలీనిది ఆ దాచనన్న మాట. అది ఎలా ఉంటుందో చూడ్డానికి చూస్తాను" అన్నాడు.

వాడి మాట విన్నాక నా జాబితాలో ఒక్క తప్పు కూడా కొట్టేయలేదు. ముఖ్యంగా ఆ 'వద్దు' సంగతి. కానీ వాడు చెప్పింది కూడా నచ్చినవాటిలో రాసుకోవాలి, అందుకే రాస్తున్నాను. ఈ సీరీస్ వచ్చేనాటికి థాయ్‌లాండ్‌లో ఇద్దరు మగవాళ్ళ పెళ్ళికి చట్టం లేదు. 2025 జనవరి 23 నుంచి ఉంది. సీరియళ్ళ వల్లే చట్టం వచ్చిందనే అమాయకత్వం నాకు లేదు, దాని వెనక ఎన్నో ఏళ్ళు వీధుల్లో నడిచినవాళ్ళున్నారు. మన దేశంలో 2018లో సుప్రీంకోర్టు 377 విషయంలో ఇది నేరం కాదంది. 2023లో పెళ్ళి హక్కు మాత్రం తను ఇవ్వలేనంది. మన తెరమీద ఇలాంటి మనిషి కనబడితే చాలాసార్లు నవ్వించడానికే కనబడతాడు.

అందుకని, తీరిక ఉంటే 'లవ్లీ రైటర్' చూడండి. మొదటి నాలుగు ఎపిసోడ్లు రచయిత కోసం, చివరి నాలుగు నటుడి కోసం. మధ్యవి చూసేటప్పుడు జీన్ వద్దన్న చోట నేపథ్య సంగీతం ఆపేసుకుని, అతని మొహం మాత్రం చూడండి. పూంపట్ మంచి నటుడు. అక్కడ అతను నిజంగానే వద్దంటున్నాడు.