భామ నోటి మాట

మన ఇండ్లలోని ఆడపిల్లలు పలువురు ఇప్పుడు కూచిపూడి నేర్చుకుంటున్నారు. బరంపురంలో పుట్టి, ఒడియా బడిలో చదివే పిల్ల కాలికి గజ్జె కడితే ఏ తాతకు సంతోషం కాదు? ఆ సంతోషంతోనే ఒక్క మాట మనవి చేస్తున్నాను.

అమెరికాలో బూటు అడుగున లోహపు బిళ్లలు బిగించి, నేలమీద చప్పుడు చేస్తూ ఆడే నాట్యం ఒకటి కలదు. ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’ అనే సంగీత నాటకం 1980లో న్యూయార్కులో రంగమెక్కి, ఆ చప్పుడుతోనే ఏళ్ల తరబడి జనాన్ని రప్పించింది. మన పాదానికి బూటు లేదు, గజ్జె ఉన్నది. ప్రేమకథకు పాటను, పాటకు అడుగును జోడించిన నాటకం మనకు ఏనాడో ఉన్నది. అదే భామాకలాపం. పదిహేడవ శతాబ్దంలో సిద్ధేంద్రయోగి దానిని కూర్చి కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల చేతిలో పెట్టినాడని పెద్దలు చెబుతారు.

కథ చిన్నది. కృష్ణునితో కలహించిన సత్యభామ విరహం పడలేక లేఖ వ్రాసి మాధవి చేతికిస్తుంది. మగని పేరు నోట పలుకలేక ఆమె పడే అవస్థ చూచి నవ్వని ఇల్లాలు ఉండదు. తెర మీదుగా జడ వేసి సాటివారిని సవాలు చేసే ఆ గర్వమే చివరికి కరుగుతుంది.

తరతరాలు ఆ వేషం మగవారిదే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు విద్య నేర్పి తలుపు తీసినారు. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణశర్మగారు భామ వేషం కట్టితే ఆడవారే తెల్లబోయేవారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఈ కళను పట్టణపు రంగస్థలానికి తగినట్లు దిద్దినారు. ఇటు విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో తూర్పు భాగవతులు మృదంగపు హోరులో అదే భామను తమ తీరున నిలుపుకున్నారు.

మన గంజాంకూ ఆమె పరాయిది కాదు. ఇక్కడి ‘భారత లీల’ సుభద్రార్జునుల ప్రేమకథ. గజ్జెలు కట్టిన ద్వారి అందులో నవ్విస్తాడు. సత్యభామ ఆ ఆటలోనూ ఉన్నది. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒరిస్సాలో చేరింది గాని, భామ ఏ హద్దునూ లెక్క చేయలేదు.

ఇక నా మనవి. పాత భాగవతంలో భామ వేషగాడు తానే ఆడి, తానే పాడి, తానే మాటాడేవాడు. రాత్రంతా సాగే ఆట ఇప్పుడు పోటీలలో పది నిమిషాల ప్రవేశ దరువైంది. పాట యంత్రం పాడుతుంది, పిల్ల పెదవి కదుపుతుంది. అడుగు దక్కింది, మాట జారిపోతున్నది. తెనుగుదేశంలోని పిల్లకు ఆ మాట బడిలోనో వీధిలోనో దొరుకుతుంది. మన పిల్లకు ఇల్లు దాటితే దొరకదు.

మా మనుమరాలికి తెలుగు మాటలు వచ్చును, అక్షరాలు రావు. లేఖ ఘట్టం నేర్చుకోవలసి వచ్చినప్పుడు ఆ పిల్ల వచనమంతా ఒడియా లిపిలో వ్రాసుకున్నది. ఇదెక్కడి చోద్యమని ఇంట్లో కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ముచ్చటేసింది. వారం తిరగకుండానే, “తాతయ్యా, విరహమంటే కోపమా, బెంగా?” అని అడిగింది. రెండూనమ్మా అన్నాను. ఆనాటినుండి ఆమె అడుగు బరువే మారింది. ఆ తర్వాత “ళ” ఎలా వ్రాస్తారని తానే వచ్చి పలక పట్టుకున్నది.

కనుక సంఘం పండుగలకు పిల్లల చేత భామను ఆడించేవారు పది నిమిషాలకు మరొక పది కలపండి. నాలుగు మాటలైనా పిల్ల నోటితోనే పలికించండి. ఏ లిపిలో వ్రాసుకున్నా సరే. తడబడితే కింద కూర్చున్న బామ్మలు అందిస్తారు. అందించగల బామ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు.