నేరమెవరిది?

మా అక్క కుమారునికి నాలుగవ యేట పొట్ట ఉబ్బనారంభించింది. ముఖము పాలిపోయింది, చిన్న దెబ్బకే ఒళ్ళు కమిలిపోయేది. తాయెత్తులు కట్టించారు, పసరు మందులు పోయించారు. గుణము కనిపించలేదు. అక్క అత్తగారు మాకు స్వయాన మేనత్తయే. అయినను, "కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదు" అని నలుగురిలో అనేది. అక్క తల వంచుకొని ఊరకుండేది.

తుదకు నగరములోని వైద్యులు రక్తములో ఒక ఎంజైమును కొలిచి, ఇది గోషే వ్యాధి అని తేల్చారు. జంతుశాస్త్ర విద్యార్థిగా ఆ రాత్రి నేను పుస్తకములు తిరగవేశాను.

మన కణముల పొరలలో చక్కెరతో కూడిన కొవ్వులు కొన్ని ఉంటాయి. కణములు పాతబడి నశించినపుడు వీటిలో ఒకటైన గ్లూకోసెరిబ్రోసైడును, లైసోసోములనే సూక్ష్మమైన సంచులలో గ్లూకోసెరిబ్రోసిడేజ్ అను ఎంజైము గ్లూకోజుగా, సెరమైడుగా విడగొడుతుంది. ఆ ఎంజైము కొరవడినచో కొవ్వు ప్లీహములో, కాలేయములో, ఎముకల మూలుగలో పేరుకొంటుంది. ఈ వ్యాధిని 1882లో ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ గోషే వర్ణించాడు. మూలకారణము ఎంజైము లోపమని 1965లో అమెరికాలో రాస్కో బ్రాడీ, ఆయన సహచరులు నిరూపించారు.

కాని నేను వెదకినది అక్కకు చెప్పదగిన ఒక్క మాట కోసము. అదీ దొరికింది. ఈ ఎంజైమునకు మూలమైన జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. రెండును లోపించిననే ఈ వ్యాధి. తలిదండ్రులిద్దరిలో చెరియొక లోపజన్యువు దాగియున్నచో, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదము. మేనరికములో ఒకే పూర్వికుని లోపము ఇద్దరికీ సంక్రమించే అవకాశము హెచ్చు.

మరునాడు అందరి ఎదుట కాగితముపై వంశవృక్షము గీసి చూపించాను. అత్త చాలాసేపు చూచి, "ఏరా, అయితే ఇది నా పుట్టింటి నుండే వచ్చి ఉండవచ్చునా?" అన్నది. నేను మాటాడలేదు. ఆమె లేచి వెళ్ళి అక్క ఒడిలోని బాలుని తన ఒడిలోనికి తీసుకొన్నది. ఆనాటి నుండి ఆ పాత మాట ఆ ఇంట వినబడలేదు.

లోపించిన ఎంజైమును రెండు వారములకొకసారి రక్తములోనికి ఎక్కించు చికిత్స 1991 నుండి ఉన్నది. ఖర్చు సామాన్యులకు అందనిది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానములో ఈ వ్యాధికి చోటున్నది. సహాయమునకు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నాము.

సోదర విద్యార్థులారా! మందు వచ్చునంతవరకు మనము చేయగలిగినది ఒకటున్నది: బిడ్డకు జబ్బు చేసినపుడు తల్లిపై నేరము మోపకుండుట.