తల్లి అడగని ప్రశ్న

ముంబయి పరేలులో 1941లో వెలసిన టాటా మెమోరియల్ ఆసుపత్రికి దేశపు నలుమూలలనుండి తల్లిదండ్రులు బిడ్డలను ఎత్తుకొని వస్తారు. పిల్లల రక్తకాన్సరుకు చికిత్స తరచుగా రెండు మూడేండ్లు సాగుతుంది. అంతకాలమూ బిడ్డను చూచువారున్నారు. ఆ బిడ్డను చూచుకొనే తల్లిని చూచువారెవరు?

ఆమె వైద్యుణ్ణి అన్నీ అడుగుతుంది, ఒక్కటి తప్ప. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంనాడు ఆరుబయట తిరిగినందువల్లనే ఇది వచ్చిందా అన్నది ఆ ప్రశ్న. పెదవి దాటని ఆ ప్రశ్నే రాత్రులు ఆమెను నిద్రపోనీయదు. తండ్రి అమ్మిన పొలాన్ని గురించి మాట్లాడతాడుగాని, తన భయాన్ని గురించి మాట్లాడడు.

"అంతా భగవంతుడే చూచుకుంటాడు" అన్న ఓదార్పు అంత లోతుకు చేరదు. "ఇది మీ తప్పువల్ల రాలేదమ్మా, అంటువ్యాధీ కాదు" అని అడగకముందే చెప్పవలసి ఉన్నది. ఆ మాట వైద్యుడు చెబితే చెవికెక్కుతుంది. అదే దారిలో నడుస్తున్న మరొక తల్లి చెబితే మనసుకెక్కుతుంది.

2006లో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా వసతిగృహాలలో ఇట్టి కుటుంబాలు ఒకే వంటయింట పక్కపక్కన పొయ్యిలు వెలిగించుకుంటాయి. అక్కడ ఒకామె రొట్టెలు ఒత్తుతూ, తన కొడుకుకు రాలిన జుట్టు మళ్లీ మొలుస్తున్న వైనం చెబుతుంది. కొత్తగా వచ్చిన తల్లి వింటూ వింటూ, బిడ్డకోసం కాల్చిన రొట్టెలో ఒక తునక తానూ నోట పెట్టుకుంటుంది.