ఖాళీ తూటాలు, నిండు ఆదివారాలు

అమెరికా వెళ్లివచ్చినవాణ్ణి గుడివాడలో అందరూ అడిగే ప్రశ్న వొకటే: “యేం చూశారండీ?” నయాగరా అని చెబితే వాళ్లకి తృప్తి. నిజానికి టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట వున్న మూడు నెలలూ నేను యెక్కువగా చూసింది ఖాళీ తూటాలు!

మా అల్లుడికి గురిచూసి కాల్చే సరదా. పిట్టని కొట్టడు, అట్టకి చిల్లు పెడతాడు. అక్కడితో ఆగితే బాగుండును. కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరితెచ్చి, ఆదివారమంతా కారుషెడ్డులో కూర్చుని మళ్లీ నింపుతాడు.

“నువ్వైనా చెప్పు నాన్నా! ఆదివారాలన్నీ ఆ ఇత్తడికే ధారపోస్తున్నారు,” అంది అమ్మాయి.

అల్లుడికి బుద్ధి చెప్పడం మామగారికి తేలికా? యేమీ యెరగనట్టు వెళ్లి పక్కన కూర్చున్నాను.

“తూటా ఖరీదులో పెద్ద భాగం ఈ గుల్లదే మావయ్యగారూ. పారేస్తే యెలా?” అన్నాడు.

సగం లొంగిపోయాను. చిల్లుపడ్డ బిందెకి మాటు వేయించి, గిన్నెలకి కళాయి పూయించి వాడుకున్న ఇంట్లో పుట్టినవాణ్ణి మరి!

కాని అవి మామూలు గుల్లలు కావు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లీషు త్రీనాట్‌త్రీ తూటాలవి. అడుగున 1943 అని ముద్ర. ఆ అడుగునే దీపావళి బిళ్లలాంటి చిన్న టోపీ వుంటుంది. దాన్ని ప్రైమరంటారు. తుపాకిలోని సూది పొడిస్తే అది నిప్పు పుట్టించి మందుని అంటిస్తుంది. గుల్ల మళ్లీ నింపాలంటే ముందు ఆ పాత టోపీ వూడాలి. బాక్సరనే ఇంగ్లీషాయన పద్ధతిలో నడిమధ్య వొకటే కన్నం. లోపలినించి పుల్లతో నెడితే చాలు. బెర్డాననే అమెరికా ఆయన పద్ధతిలో పక్కలకి రెండు సన్న కన్నాలు, పుల్ల దూరదు. చిత్రమేమంటే ఇంగ్లీషాయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. అమెరికా ఆయనది ఐరోపాకి కాపురానికి వెళ్లింది!

మావాడివి బెర్డాను గుల్లలు. నీటి వొత్తిడితో వూడగొట్టాలి, లేదా కొక్కెంతో పెకలించాలి. తీరా వూడినా, సరిపడే కొత్త టోపీలు అక్కడ దొరకడం గగనం.

ఇద్దరం మూడు గంటలు కుస్తీ పడితే పదకొండు తేలాయి. నాలుగింటికి మెడ దగ్గర వెంట్రుకంత పగులు. పాత టోపీల్లో పాదరసపు మందు వుంటే ఇత్తడి పెళుసు బారుతుందట. కాల్చేవాడి చెంప తుపాకికి ఆనుకునే వుంటుందని గుర్తొచ్చి నా గుండె జల్లుమంది.

“సుళువుగా వూడేవి దొరకవా బాబూ?”

“దొరుకుతాయి. ఇవి చవగ్గా వచ్చాయి.”

“ఈ మూడు గంటలకీ ఖరీదు కట్టారా? అమ్మాయి ఆదివారానికో?”

కాసేపు మాట్లాడలేదు. “ఆఫీసులో రోజంతా చేసిన పని కంటికి కనపడదు మావయ్యగారూ. ఇక్కడ వొక్క టోపీ వూడినా కనపడుతుంది,” అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. “అయితే ఆ సంతోషం బాక్సరు గుల్లలతో పొందండి. మరమ్మతుకి లొంగేదాన్ని బాగుచేస్తే పొదుపు. లొంగనిదానితో పంతం పడితే మనకే నష్టం,” అన్నాను.

మరుసటి వారం బెర్డాను గుల్లలు పాత ఇత్తడి కొట్టుకి వెళ్లాయి. ఆదివారం మధ్యాహ్నాలు అమ్మాయికి దక్కాయి. పొద్దుటి పూట షెడ్డుకే మిగిలింది.

బయల్దేరేనాడు గుర్తుగా వొక గుల్ల ఇవ్వబోయాడు. చేతులు జోడించాను. మన 1959 ఆయుధాల చట్టం తూటాతోపాటు తూటా భాగాలనీ లెక్కలోకి తీసుకుంటుంది. జ్ఞాపికని సంచీలో వేసుకుని విమానాశ్రయంలో పోలీసులకి సంజాయిషీ చెప్పే వయసా నాది?

నయాగరా బొమ్మ వొకటి కొనుక్కుని వచ్చేశాను.