మోయని కంబాలు

ప్రొద్దుటూరులో మా పాత మిద్దె పోయినేడాది కూల్చాం. కొత్తింటి ముందు రెండు కొరింథియన్‌ కంబాలు లేచాయి, తలమీద సిమెంటు ఆకులతో. అమ్మ తట్టి చూసి మేస్త్రీని అడిగింది.

"ఇవి ఏం మోస్తాండాయి నాయనా?"

"ఏం మోయవమ్మా. ఎలివేషన్‌కే!"

నవ్వొచ్చింది. అయినా ఈ సోకు మనం కనిపెట్టింది కాదు. గ్రీకు గుళ్లలో కప్పును కంబమే మోసేది, జమ్మలమడుగు పక్కన గండికోట మాధవరాయస్వామి గుడిలో మాదిరే. రోమన్లు బరువును కమానుల మీదికి మార్చారు. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియంలో కంబాలు గోడకు తగిలించిన నగలే! కాంక్రీటు వచ్చాక లె కార్బూజియే ఆ ఆకులన్నీ రాల్చేశాడు. పారిస్‌ దగ్గర 1931లో పూర్తయిన విల్లా సవోయ్‌ని సన్నటి, నున్నటి కంబాలే మోస్తాయి. మా వీధికి మాత్రం ఆకులే కావాలి. పులివెందుల దారి పొడుగునా అవే.

పాత మిద్దెను మోసిన టేకు కంబం పెరట్లో పడుంది. ఒకచోట నున్నగా అరిగింది. అమ్మ వీపు ఆనేచోటు అది. నాన్న పోయినప్పుడు పదకొండు రోజులూ దానికే ఆనుకుని కూర్చుంది.

అమ్మేద్దామన్నది నేనే. కొనే మనిషి రేపొస్తాడు. అమ్మ ఇంకా ఏమీ అనలేదు.