కరెంటు పోయింది!

మన బడిలో మూడో స్థాయి పిల్లలకి తెలుగు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గరిట చూపించి ఇదేమిటని అడిగితే టక్కున చెప్తారు. గుణింతాలు, ఒత్తులు చూడకుండా రాస్తారు. కాని "నిన్న ఇంటికెళ్ళాక ఏం చేశావు?" అని అడిగి చూడండి. "ఆడుకున్నాను" అంటారు. తర్వాత? "తిన్నాను." ఆ తర్వాత? "పడుకున్నాను." మూడు మాటలు, మూడు చుక్కలు, అక్కడితో సరి. అదే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళయితే "ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, రెండు ముద్దలు తిని, కాసేపు ఆడుకుని పడుకున్నాను" అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. వెళ్ళి, కడుక్కుని, తిని - వీటిని వ్యాకరణంలో క్త్వార్థకాలు అంటారు. పేరు చూసి భయపడకండి. తెలుగు మాట్లాడటంలో సగం బరువు మోసేవి ఇవే. వీటిని బోర్డు మీద రాసి మూడు వారాలు చెప్పాను. పిల్లలు చక్కగా పరీక్ష రాశారు. రాసి, బయటికెళ్ళి, కారెక్కి, ఇంగ్లీషులో పడ్డారు.

అందుకని ఈ విద్యా సంవత్సరం మొదట్లో మా తరగతిలో ఒక ఆట తయారు చేయడం మొదలుపెట్టాము. మేము అంటే నేను, తొమ్మిదిమంది పిల్లలు, ఆరు నెలలు ఉండి వెళ్దామని అమలాపురం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన మా అత్తగారు. ఆట పేరు "కరెంటు పోయింది". ఇంట్లో ఉన్న వస్తువులతోనే నాలుగు రోజులు ఎలాగోలా గట్టెక్కాలి. ఎలా గట్టెక్కుతారో తెలుగులో చెప్పాలి. ఆట మొత్తం అంతే.

హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళం ఇలాంటి ఆటకి కథ ఎక్కడో వెతుక్కోనక్కరలేదు. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున మొదలైన కరెంటు కోత మనలో ఎవరు మరిచిపోతారు? టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళు చీకట్లో ఉన్నాయి. గొట్టాలు పగిలి కొన్ని ఇళ్ళల్లో పైకప్పులు ఊడిపడ్డాయి. కరెంటు వచ్చేసరికి కుళాయి నీళ్ళు మరిగించుకుని తాగమన్నారు, ఆ హెచ్చరిక 17 నుంచి 21 దాకా నడిచింది. మూడేళ్ళ తర్వాత, 2024 జూలై 8న బెరిల్ తుపాను వచ్చినప్పుడు ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. ఈసారి చలి లేదు, ఉడికించేసే ఎండ. మొదటిసారి మా పిల్లలు అయిదారేళ్ళవాళ్ళు. వాళ్ళకి గుర్తున్నదల్లా అందరూ ఒకే మంచం మీద కోట్లు వేసుకుని పడుకోవడం. రెండోసారి మాత్రం అన్నీ గుర్తున్నాయి, ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ కరిగిపోయిన సంగతితో సహా.

అన్నట్టు, మా చిన్నప్పుడు "కరెంటు పోయింది" అనేది భయపడే మాట కాదు. సాయంత్రం ఏడింటికి పోయేది, వీధి వీధంతా అరుగుల మీదకి చేరేది. రాగానే ఊరంతా ఒకేసారి "హే" అని అరిచేవాళ్ళం. ఈ సంగతి చెప్తే పిల్లలు నమ్మలేదు. రోజూ పోయేదా? మరి ఎవరికీ ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వలేదా?

ముందుగా కార్డులు. ఒక్కొక్కరూ ఇంటికెళ్ళి, వంటింటి అల్మారాలు, గరాజు, పూజగది వెతికి, నిజంగా ఉన్న వస్తువులే రాసుకు రావాలన్నాను. ఇండియా నుంచి వచ్చిన మన ఇళ్ళు ఎంత సంపన్నమైనవో ఆ జాబితా చూస్తే తెలిసింది. చీరలు, బిందె, ఇడ్లీ పాత్ర, ప్రెషర్ కుక్కర్, అప్పడాల కర్ర, జల్లెడ, పట్టకారు, పురికొస, వత్తులు, కొబ్బరి నూనె, పూజ గంట, ఇరవై పౌండ్ల బియ్యం సంచి (ఖాళీది వేరే కార్డు), పెరుగు డబ్బాలు. పెరుగు డబ్బాలు తొమ్మిదిమంది జాబితాల్లోనూ ఉన్నాయి. మన వాళ్ళు ఏదీ పారేయరు కదా. అన్నీ కలిపి 54 కార్డులయ్యాయి. పేర్ల దగ్గర మాత్రం చిన్న గొడవ జరిగింది. ఒకరింట్లో గరిట, ఇంకొకరింట్లో గంటె. ఒకరింట్లో చీపురు, ఇంకొకరింట్లో పొరక. ఏది అసలు తెలుగు అని ఒక పాప అడిగింది. రెండూ అసలువే అని చెప్పి రెండు పేర్లూ రాయించాను. ఏ పేరు ముందుండాలన్నది తల్లిదండ్రుల మధ్య ఇంకా తేలలేదు.

బోర్డు మీద 24 గళ్ళు. ఒక్కో గడి నాలుగు గంటలు, అంటే మొత్తం 96 గంటలు, నాలుగు రోజులు. అందరికీ కలిపి ఒకటే కాయ. బతికితే అందరూ బతుకుతారు, లేకపోతే అందరూ ఓడిపోతారు. ఇలా అందరూ ఒక జట్టుగా ఆడే ఆటలు పిల్లలకి బాగా తెలుసు, 2008లో వచ్చిన పాండెమిక్ లాంటివి. పాచిక బదులు మా అత్తగారు తెచ్చిన నాలుగు గవ్వలు. అష్టాచెమ్మ లెక్కే: నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు గళ్ళు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది గళ్ళు. కరెంటు త్వరగా వచ్చేస్తుందన్నమాట! వేసిన ప్రతిసారీ ఒక ఆపద కార్డు తీయాలి. గవ్వలు సగటున రెండున్నర గళ్ళు పడతాయి కాబట్టి ఆట సుమారుగా పది ఆపదలతో, ముప్పావుగంటలో పూర్తవుతుంది. క్లాసు సమయానికి సరిగ్గా సరిపోతుంది. బల్ల మధ్యలో ఇరవై చింతగింజలు ఉంటాయి. అవి ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్న ఓపిక. ఆపద తీరకపోతే మూడు గింజలు పోతాయి.

మొదట్లో, ఉపాయం చెప్పాక అది పని చేసిందో లేదో కూడా గవ్వలే తేల్చేవి. పిల్లలు రెండో ఆటకే తిరగబడ్డారు. మంచి ఉపాయం చెప్పినా గవ్వ బోర్లా పడితే పోవడమేమిటి, అన్యాయం అన్నారు. వాళ్ళ మాట న్యాయంగానే ఉంది. అందుకని ఒకరు "ఇంటిపెద్ద" అయ్యే పద్ధతి పెట్టారు, వంతులవారీగా. ఇంటిపెద్ద "ఎలా?" అని మూడుసార్లు అడగవచ్చు. సమాధానం నచ్చితే ఆపద తీరినట్టు. నేను మూడు వారాలు బోర్డు మీద రాసి చెప్పినదాన్ని ఈ "ఎలా?" ఒక్క పూటలో చెప్పించింది. తాగడానికి నీళ్ళు లేవు, చేతిలో చీర కార్డు ఉంది. "చీరతో నీళ్ళు తాగుతాను" అంటే ఇంటిపెద్ద ఊరుకోడు. ఎలా? "చీరని నాలుగు మడతలు పెట్టి, బిందె మూతికి కట్టి, వాన నీళ్ళు పోసి, వడకట్టి, పొయ్యి మీద మరిగించి తాగుతాను." అయిదు క్త్వార్థకాలు! చెప్పినది తొమ్మిదేళ్ళ పాప. దానికి ఆ పదం పేరు ఈరోజుకీ గుర్తుండదు, ఉండనక్కరలేదు.

ఆ ఉపాయం ఉత్త ఊహ కూడా కాదు. రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో ఇదే పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించింది. పాత చీరని మడతలు పెట్టి నీళ్ళు వడకట్టుకున్న ఊళ్ళల్లో కలరా 48 శాతం తగ్గింది. కలరా క్రిములు నీళ్ళలో ఉండే కంటికి కనపడనంత చిన్న జీవాల్ని పట్టుకుని ఉంటాయి, ఆ జీవాలు మడతల్లో చిక్కుకుంటాయి. కొత్త చీరకంటే ఉతికి ఉతికి నలిగిన చీరే మేలట, నూలు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి కనుక. అయినా పూర్తిగా శుభ్రమైనట్టు కాదు, మరిగించవలసిందే. మా ఆటలో మరిగించడం మరిచిపోతే ఒక గింజ పోతుంది.

వస్తువుని దాని అసలు పనికి వాడితే ఆపద తీరుతుంది కాని బహుమతి లేదు. వేరే పనికి వాడితే పోయిన గింజ ఒకటి తిరిగి వస్తుంది. ఈ నియమం అర్థం కావడానికి నేను అపోలో 13 కథ చెప్పాను. పిల్లలందరూ స్కూలు వాళ్ళతో స్పేస్ సెంటర్‌కి వెళ్ళినవాళ్ళే, కాని ఈ ముక్క ఎవరూ పట్టించుకోలేదు. 1970 ఏప్రిల్‌లో అంతరిక్ష నౌకలో పేలుడు జరిగాక ముగ్గురు వ్యోమగాములు చంద్రుడి మీద దిగడానికి తీసుకెళ్ళిన చిన్న నౌకలో తలదాచుకున్నారు. వాళ్ళు వదిలే ఊపిరితోనే అందులో గాలి పాడవుతోంది. గాలిని శుభ్రం చేసే డబ్బాలు పెద్ద నౌకలో బోలెడన్ని ఉన్నాయి కాని అవి చదరంగా ఉన్నాయి, చిన్న నౌకలో రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి. మన ఊళ్ళో ఉన్న ఇంజినీర్లు నౌకలో ఏమేం ఉన్నాయో జాబితా చూసి, ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, గొట్టాలు, టేపుతో ఒక ఏర్పాటు చేసి, ఎలా చేయాలో రేడియోలో ఒక్కో మెట్టే చదివి వినిపించారు. అంత దూరంలో ఉన్న మనిషికి చేత్తో చూపించడం కుదరదు కదా, మాటల్లోనే చెప్పాలి. ఆ తర్వాత రెండు వారాలు మా పిల్లలు ప్రతి ఆపదకీ టేపే వాడారు.

ఇంగ్లీషు మాటల సంగతి. కుక్కర్, టేపు, బ్యాటరీ, కవరు లాంటివి ఎప్పుడో మన ఇంట్లో మనుషులైపోయాయి, వాటికి జరిమానా వేయడం నాకు ఇష్టం లేదు. కాని క్రియ మాత్రం తెలుగుది కావాలన్నాను. "ఫోల్డ్ చేసి" అంటే ఒక గింజ పోతుంది, "మడిచి" అనాలి. దీనికి ఎక్కువ నష్టపోయింది పిల్లలు కాదు. తల్లిదండ్రుల్ని పిలిచి ఆడించిన రోజున ఒక నాన్నగారు "వాటర్‌ని బాయిల్ చేసి, కూల్ చేసి, ఫిల్టర్ చేసి" అని ఒకే వాక్యంలో మూడు గింజలు పోగొట్టారు. వాళ్ళ అమ్మాయే ఇంటిపెద్ద, ఒక్కటి కూడా వదల్లేదు.

మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ 1996 నవంబరు తుపాను కోనసీమలో కళ్ళారా చూసిన మనిషి. కొబ్బరి చెట్లన్నీ పడిపోతే, పడిన చెట్ల బొండాల నీళ్ళే తాగి, పాత పంచె చింపి వత్తులు చేసి, బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించి రోజులు వెళ్ళదీశామని చెప్పారు. ఆవిడకి ఏ కార్డు ఇచ్చినా రెండు ఉపాయాలు చెప్పేవారు. గ్లాసులో సగం నీళ్ళు పోసి, పైన నూనె పోసి, వత్తి తేలేస్తే దీపమట. నూనె అయిపోగానే నీళ్ళు తగిలి దానంతట అదే ఆరిపోతుంది. నాకే తెలియదు.

ఒకరోజు ఇంట్లో ఆడుతుంటే ఆవిడకి బొగ్గుల గ్రిల్లు కార్డు వచ్చింది. ఆపద: పడకగదిలో చలి.

"ఇది మన కుంపటే కదా! గది మధ్యలో పెట్టుకుని, తలుపులు వేసుకుని పడుకుంటే ఎంత వెచ్చగా ఉంటుందో" అన్నారు.

"వద్దు నానమ్మా, చచ్చిపోతాం!" అన్నాడు మా అబ్బాయి.

"పోరా. కుంపటి పక్కనే నలుగురు పిల్లల్ని పెంచాను. ఎవరు పోయారు?"

వాడు నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, వాడికి సైన్సు వచ్చిందంతా ఇంగ్లీషులోనే. కాసేపు వెతుక్కున్నాడు.

"నానమ్మా, మీ ఇంటికి పెంకులు కదా. పొగ పెంకుల మధ్య నుంచి వెళ్ళిపోతుంది. ఈ ఇల్లు మూత పెట్టిన డబ్బా. బొగ్గు కాలితే ఒక గాలి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. అది పీల్చి, తల తిరిగి, నిద్ర వచ్చి, పడుకుని, మళ్ళీ లేవం."

ఆవిడ కార్డు బల్ల మీద బోర్లా పెట్టారు. "మరి ఎవరూ నాకు చెప్పలేదేం?" అన్నారు. పగలంతా ఈ ఇంట్లో ఒక్కరే ఉండే మనిషి ఆవిడ.

2021లో ఆ చలికి టెక్సాస్‌లో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క. వాళ్ళలో వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు వెలిగించుకున్నవాళ్ళు, గరాజులో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్ళు ఉన్నారు. మన దేశంలో కూడా చలికాలం వస్తే మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని పోయినవాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. అందుకని "పొగ" అనే నియమం ఒకటి చేర్చాము. గ్రిల్లు, జనరేటరు, కారు - వీటిలో ఏదైనా ఇంటి లోపల వాడితే ఇంటిపెద్ద అడగడం లేదు, వాదించడం లేదు, ఒకేసారి పది గింజలు పోతాయి. ఉపాయం ఎంత గొప్పగా చెప్పినా సరే. ఆ వారం ఇంటిపని, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎక్కడుందో వెతికి, మీట నొక్కి, మోగుతుందో లేదో చూసి రావడం. తొమ్మిది ఇళ్ళల్లో రెండింట్లో మోగలేదు. మర్నాటికల్లా బ్యాటరీలు మార్చారు.

అత్తగారు జనవరిలో వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆదివారం పొద్దున ఫోన్‌లో మా అబ్బాయి ఆపద కార్డు చదువుతాడు, ఆవిడ అక్కడి నుంచి ఉపాయం చెప్తారు, వీడు ఎలా, ఎలా అని అడుగుతాడు. ఇదివరకు "బాగున్నావా, బాగున్నాను, అమ్మకిస్తా" అనే మూడు ముక్కలతో అయిపోయేది. ఎండాకాలం ఆపదల కార్డులు ఆవిడే చెప్పి రాయిస్తున్నారు. తడి గోనెసంచి కట్టిన కిటికీ, ఇసుకలో కుండ, ఇలాంటివి. ఇక్కడ గోనెసంచి ఎక్కడ దొరుకుతుందని అడిగితే, బియ్యం సంచి కార్డు ఉందిగా అన్నారు.

వార్షికోత్సవం రోజున మా తరగతి బల్ల దగ్గర ఇరవై సెట్లు ఉంటాయి. కత్తిరించినవి పిల్లలే కాబట్టి అంచులు కొంచెం వంకరగా ఉంటే ఏమనుకోకండి. ప్రతి సెట్టులోనూ ఆరు ఖాళీ కార్డులు పెట్టాము, మీ ఇంట్లో ఉన్న వస్తువులు, మీ ఊరి పేర్లతో రాసుకోవడానికి. గవ్వలు ఇస్తాము. చింతగింజలు మాత్రం మీరే తెచ్చుకోవాలి, మా ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాయి.