ఒకడు అమెరికాకు, నలుగురం జామీనుకు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు మేం నలుగురం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. నీళ్ల చారు గురించి, తెల్లవారుజాము స్టడీ అవర్ గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. అందుకని మా అయిదో వాడి గురించి రాద్దామనుకున్నాం. 2011లో మా అయిదుగురం ఈ హాస్టల్‌లో ఉండే పదో తరగతి పాసయ్యాం. ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పడుకున్నవాళ్లం. వాడిప్పుడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉన్నాడు. పేరు మాత్రం రాయొద్దన్నాడు.

మాకు అమెరికా అనే మాట మొదట తెలిసింది స్టడీ హాల్లో ఉన్న బాబాసాహెబ్ ఫోటో వల్లనే. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో, నెలకు పదకొండున్నర పౌన్లతో, ఆయన న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారని సోషల్ సార్ చెప్పేవారు. చదువుకుని తిరిగొచ్చాక బరోడాలో కులం వల్ల ఉండటానికి ఇల్లు దొరకలేదని కూడా చెప్పారు. కానీ చిన్నపిల్లలం కదా, మాకు ఓడ ప్రయాణం ఒక్కటే గుర్తుండిపోయింది.

బీటెక్ అయ్యాక నాలుగైదేళ్లు చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, 2022లో వాడు ఎంఎస్ సీటు తెచ్చుకున్నాడు. ఎస్సీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, తెలంగాణలో 20 లక్షలు ఇస్తారు, ఇంకేం భయం అనుకున్నాం. అసలు చిక్కు అక్కడే ఉందని తర్వాత తెలిసింది. ఆ డబ్బు రెండు విడతల్లో ఇస్తారు. మొదటి 10 లక్షలు అమెరికాలో దిగినట్టు కాగితం చూపిస్తే, మిగతా 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపిస్తే. కానీ అమెరికాలో దిగాలంటే వీసా కావాలి. వీసా కావాలంటే మొదటి ఏడాది ఫీజుకు, తిండికి సరిపడా డబ్బు ముందే మన దగ్గర ఉన్నట్టు చూపించాలి. వాడి యూనివర్సిటీ లెక్క 24 వేల డాలర్లు. అప్పుడు డాలరు దాదాపు 80 రూపాయలు. అంటే 19 లక్షల పైమాట.

వాళ్ల ఇంట్లో ఉన్నది సర్కారు ఇచ్చిన ఎకరన్నర అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి వీల్లేదు. బ్యాంకులో అడిగితే దాని మీద చదువు లోను కుదరదన్నారు. ఆస్తి తాకట్టు లేకుండా ఏడున్నర లక్షల దాకా ఇస్తాం గానీ జీతం వచ్చే మనిషి జామీను కావాలన్నారు. మా నలుగురిలో ఒకడికి అప్పటికే కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. వాడు సంతకం పెట్టాడు. పెట్టిన సంగతి వాళ్లావిడకు ఆర్నెల్ల దాకా చెప్పలేదు. ఇది ఇక్కడ రాస్తున్నామని కూడా చెప్పలేదు!

మిగతా డబ్బు కోసం అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. "బ్యాలెన్స్ మేం చూపిస్తాం, కమీషన్ ఇస్తే చాలు" అన్నారు. నిజం చెప్పాలంటే ఆశపడ్డాం. రాత్రంతా వాదించుకున్నాం. అబద్ధం బయటపడితే మళ్లీ ఎప్పటికీ వీసా రాదని వాడే వద్దన్నాడు. చివరికి సింగరేణిలో రిటైరైన వాళ్ల మేనమామ తనకొచ్చిన డబ్బులోంచి 12 లక్షలు సర్దాడు. టికెట్‌కు, వీసా ఫీజులకు, బట్టలకు మేం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. బేగంపేట కాన్సులేట్ బయట చెట్టు కింద మేం నిలబడి ఉంటే, వాడు లోపల మాట్లాడింది మూడు నిమిషాలు కూడా లేదట.

ఎయిర్‌పోర్టులో వాళ్లమ్మ ఏడవలేదు. "బిడ్డా, ఆడ అన్నం దొరుకుతదా?" అని మాత్రం అడిగింది.

అన్నం దొరికింది. చదువుకునేటప్పుడు వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేయొచ్చు. వాడికి మెస్‌లో ప్లేట్లు కడిగే పని దొరికింది. "హాస్టల్‌లో నేర్చుకున్న పనే రా, ఇక్కడ వేడినీళ్లొస్తయి, అంతే తేడా" అని నవ్వాడు. బయట పెట్రోలు బంకుల్లో దొంగచాటుగా చేస్తే ఎక్కువ వస్తుందని కొందరు చెప్పారట. మిచిగాన్‌లో అక్కడి ప్రభుత్వమే పెట్టిన నకిలీ యూనివర్సిటీ వలలో 2019లో మొదట పట్టుబడ్డ 130 మందిలో 129 మంది మన దేశం వాళ్లు, అందులో చాలామంది తెలుగువాళ్లు. ఆ భయంతో వాడు అటు పోలేదు.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది వేరే ఉంది. మొదటి గదిలో ఆరుగురు తెలుగువాళ్లు. రెండో రోజే "ఇంటిపేరేంటి బ్రో, మీరేంట్లు?" అని అడిగారు. చెప్పాక ఎవరూ ఏమీ అనలేదు. నెల తర్వాత వంట వేరు చేసుకున్నారు. ఇంకో నెలకు వాడు గది మారాడు. సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు అదే ఏడాది చట్టసభలో పాసైనా గవర్నరు ఆపేశాడు. వాడు ఉన్నది టెక్సస్‌లో. ఆ రాత్రి ఫోన్‌లో వాడు సోషల్ సార్ చెప్పిన బరోడా సంగతి ఎత్తాడు. మాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

2024 మేలో చదువు అయిపోయింది. ఆ తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. లేని అనుభవం ఎనిమిదేళ్లు రాసుకో, ఉద్యోగం మేం ఇప్పిస్తామని అక్కడి కన్సల్టెన్సీ వాళ్లు వెంటపడ్డారు. లోను వాయిదాలు మొదలవుతున్నాయి. రాసుకోరా అని మాలో ఇద్దరం అన్నాం, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. వాడు వినలేదు. 83వ రోజున ఒక చిన్న కంపెనీలో దొరికింది.

2025 మార్చిలో హెచ్-1బీ లాటరీకి పేరు వేశారు. ఏడాదికి ఉన్నవి 85 వేలు. ఆ ఏడు అర్హమైన దరఖాస్తులు 3 లక్షల 40 వేలు దాటాయి. వాడి పేరు రాలేదు. సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించిన రోజు రాత్రి మేమెవ్వరం నిద్రపోలేదు. చదువుకుని అక్కడే ఉన్నవాళ్లు వీసా మార్చుకుంటే అది వర్తించదని అక్టోబరులో తేల్చారు. కానీ దేశం దాటితే ఏమవుతుందోనన్న భయం పోలేదు. నవంబరులో చెల్లెలి పెళ్లికి వాడు రాలేదు. అప్పగింతలప్పుడు ఫోన్ పట్టుకున్నది మేమే. చెయ్యి వణికి వాడికి సగం పందిరి గుంజే కనపడిందట.

లోను వాయిదా మెసేజ్ నెలనెలా కానిస్టేబుల్ ఫోన్‌కు కూడా వస్తుంది. ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు. మేనమామ డబ్బు సగం తీరింది.

తమ్ముళ్లూ, వెళ్లాలనుకునేవాళ్లు మీలోనూ ఉంటారు. విద్యానిధికి పెట్టిన కాగితాలు, బ్యాంకు జామీను ఫారం, యూనివర్సిటీకి చూపిన లెక్కలు అన్నీ జిరాక్స్ తీసి ఒక ఫైల్‌లో పెట్టాం. వార్షికోత్సవం రోజు తీసుకొస్తాం. భోజనాలయ్యాక వంటగది వెనక వేపచెట్టు కింద కూర్చుంటాం. వాడికి అప్పుడు తెల్లవారుజాము అవుతుంది, అయినా ఫోన్ ఎత్తుతానన్నాడు.